640 సరే, ఏ లోడ్ మీద? సైటేషన్ లెక్కల సర్వీసుల మీద ఒక హార్డ్‌నెస్ టెస్టర్ మనిషి రివ్యూ

ముందే చెప్పేస్తా, నేను సైటేషన్లు (ఒకరి పేపర్ని ఇంకొకరు తమ పేపర్లో ఉదహరించడం) లెక్కపెట్టుకుంటూ కూర్చునే రకం కాదు. లోహాల మీదా సెరామిక్స్ మీదా వజ్రపు మొన నొక్కి, పడిన గుంటని మైక్రోస్కోప్‌లో కొలవడం నా పని, పదిహేనేళ్లుగా అదే. ఈమధ్య ప్రమోషన్ ఫారం ఒకటి నింపాల్సి వచ్చింది. అందులో హెచ్-ఇండెక్స్ (మన పేపర్లకి పడిన సైటేషన్లని బట్టి వేసే ఒక అంకె) అని ఒక గడి, రెండంకెలు పట్టేంత గడి. దానికోసం మూడు సర్వీసుల్లో నా పేరు కొట్టి చూస్తే మూడు చోట్లా మూడు అంకెలు: 19, 11, 16. అదే మనిషి, అవే పేపర్లు, ఒకే రోజు మధ్యాహ్నం భోజనానికీ టీకీ మధ్యలో. మా ల్యాబ్‌లో ఏ పరికరమైనా ఇలా చూపిస్తే దాని మీద గుడ్డ కప్పేసి కాలిబ్రేషన్ వాళ్లకి ఫోన్ చేస్తాం. ఇక్కడ మాత్రం అందరూ మూడింట్లో పెద్దదేదో చూసుకుని గడిలో వేసేసి వెళ్లిపోతున్నారట. మా పక్క రూమాయన ఆ మాట చాలా మామూలుగా చెప్పాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు (అతిశయోక్తే, పట్టింది, కాకపోతే ఆలస్యంగా). అందుకని ఓ నెల రోజులు సాయంత్రాలు కూర్చుని, కొత్త టెస్టింగ్ మెషిన్ వస్తే ఎలా చూస్తామో వీటన్నిటినీ అలా చూశా. ఆ గొడవే ఈ రివ్యూ.

ముందు కాస్త మా గోల వినాలి, లేకపోతే తర్వాత చెప్పేది పట్టుబడదు. వికర్స్ హార్డ్‌నెస్ అంటే, 136 డిగ్రీల కోణం ఉన్న వజ్రపు పిరమిడ్‌ని నునుపు చేసిన నమూనా మీద ఒక బరువుతో (అదే లోడ్) పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచి, తీసేశాక మిగిలిన నలుచదరపు గుంటకి రెండు వికర్ణాలూ కొలిచి, ఆ సగటు వర్గంతో బరువుని భాగించి 1.854తో గుణించడం. 1920ల నుంచి ఇదే పద్ధతి. చిక్కెక్కడంటే, ఒకే ఉక్కు ముక్క మీద 30 కిలోలతో నొక్కితే ఒక అంకె వస్తుంది, 50 గ్రాములతో నొక్కితే ఇంకో అంకె వస్తుంది, చిన్న బరువుకి చాలాసార్లు పెద్ద అంకె. అందుకే మేం ఉత్త "640" అని ఎప్పుడూ రాయం, "640 హెచ్‌వి 30" అని రాస్తాం. ఆ చివరి 30 లేకపోతే రిపోర్టు తిరిగొస్తుంది. రాక్‌వెల్ పద్ధతైతే గుంట వెడల్పు జోలికే పోదు, లోతు చూస్తుంది, దాని అంకెలు పూర్తిగా వేరు. హార్డ్‌నెస్ అనేది పదార్థం లోపల ఎక్కడో రాసిపెట్టి ఉన్న గుణం అనుకుంటారు కొత్తగా చేరిన పిల్లలు. మనం ఎలా గుచ్చి అడిగామో దాన్నిబట్టి అది చెప్పే జవాబు అని వాళ్లకి ఎక్కించేసరికి ఒక సెమిస్టర్ గడిచిపోతుంది.

హెచ్-ఇండెక్స్ కూడా అచ్చం ఇలాంటి జవాబే. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని పెట్టాడు, ఆయన సొంత రంగం సూపర్‌కండక్టివిటీ (నిరోధం లేకుండా కరెంటు పారే గుణం), అంటే మాకు పక్కింటాయన లాంటివాడే. లెక్క సులువు. మీ పేపర్లని సైటేషన్లు ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దాని దాకా పేర్చి పైనుంచి లెక్కపెడుతూ రండి. పద్నాలుగో పేపర్‌కి కనీసం 14 ఉండి, పదిహేనో దానికి 15 లేకపోతే మీ హెచ్ 14. మొదటి పేపర్‌కి 40 ఉన్నా 900 ఉన్నా దీనికి తేడా తెలీదు. పెద్ద యూనివర్సిటీల్లో అసోసియేట్ ప్రొఫెసర్ అవడానికి 12 దగ్గర, ప్రొఫెసర్‌కి 18 దగ్గర ఉండొచ్చని ఆయనే ఒక అంచనా రాశాడు, అదీ భౌతిక శాస్త్రం వాళ్లకి. ఒక్క అంకె మనిషి గురించి ఉరామరికగా తప్ప చెప్పలేదని కూడా అదే పేపర్లో రాశాడు. జనం 12నీ 18నీ పట్టుకుని ఆ రెండో మాట వదిలేశారు. 2020 నాటికి దీనివల్ల జరిగే చెడు గురించి ఆయనే రాయాల్సి వచ్చింది.

నాకైతే దీన్ని చూస్తే వికర్స్ కంటే 1812 నాటి మోస్ స్కేలు గుర్తొస్తుంది. దేంతో గీస్తే దేనిమీద గీత పడుతుందో చూసి ఒకటి నుంచి పది దాకా వరస పెట్టారు, కురువిందం 9, వజ్రం 10. ఆ తొమ్మిదికీ పదికీ మధ్య ఉన్న దూరం మిగతా మెట్లన్నీ కలిపినా రాదు. వరస చెప్పే అంకెని కొలత అనుకుని కూడికలూ తీసివేతలూ మొదలుపెడితే అక్కడే పప్పులో కాలు. పైగా హెచ్-ఇండెక్స్ పెరగడమే తప్ప తనంతట తాను తగ్గదు. మీరు పని మానేసి పదేళ్లు పడుకున్నా అది మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది.

సరే, సర్వీసుల సంగతికొస్తా. ముందు గూగుల్ స్కాలర్, ఎందుకంటే అందరూ తెరిచేది అదే. 2004 నవంబర్‌లో అనురాగ్ ఆచార్య, అలెక్స్ వెర్‌స్టాక్ అనే ఇద్దరు ఇంజనీర్లు మొదలుపెట్టిన పని. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ లేకుండా కూడా వెతుక్కోవచ్చు. వెతుకుడు పనికి దీనికి నేను ఐదుకి ఐదు ఇస్తా, సందేహమే లేదు. ప్రతి పేపర్ కింద దాన్ని ఎవరెవరు సైట్ చేశారో చూపించే లింకు ఒకటుంటుంది చూడండి, మా లాంటి వాళ్లకి ప్రాణం లాంటిది అదే. ఎందుకో ఒక ఉదాహరణ చెప్తా.

మా పీహెచ్‌డీ అమ్మాయి ఒకరోజు జిర్కోనియా సెరామిక్ ఫ్రాక్చర్ టఫ్‌నెస్ (పగలకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే గుణం) విలువ ఒకటి పట్టుకుని వచ్చింది, టేబుల్లో వేసేద్దాం మేడమ్ అంది. ఎక్కడిదమ్మా ఇది అంటే ఒక రివ్యూ పేపర్ చూపించింది. ఆ రివ్యూ ఇంకో పేపర్ని సైట్ చేసింది. అది తెరిస్తే ఇంకోటి. నాలుగు మెట్లు దిగాక అసలు కొలిచినవాళ్లు దొరికారు. వాళ్లు హాట్ ప్రెస్ చేసిన నమూనా మీద వికర్స్ గుంట పెట్టి, మూలల్లోంచి వచ్చిన పగుళ్ల పొడవు కొలిచి, దాన్నుంచి టఫ్‌నెస్ లెక్కగట్టారు. గ్రెయిన్ సైజు, లోడ్, ఎన్ని గుంటలు పెట్టారు, అన్నీ శుభ్రంగా రాశారు పాపం. అక్కడి నుంచి మళ్లీ పైకి వస్తూ చూస్తే, రెండో మెట్టు దగ్గర లోడ్ రాలిపోయింది, మూడో మెట్టు దగ్గర పద్ధతి పేరు రాలిపోయింది, నాలుగో మెట్టుకి వచ్చేసరికి అది జిర్కోనియా టఫ్‌నెస్ అయిపోయింది, ప్రపంచంలో ఉన్న జిర్కోనియా మొత్తానికీ. ఈ తవ్వకం కాగితాల కాలంలో అయితే లైబ్రరీలో మూడు రోజుల పని, ఆ అమ్మాయి నలభై నిమిషాల్లో చేసింది. స్కాలర్‌కి దండం పెట్టాల్సింది ఇలాంటి పనికి.

ఇదే కథలో ఇంకో పిట్టకథ ఉంది. ఈ పగుళ్ల పొడవుతో టఫ్‌నెస్ లెక్కగట్టే పద్ధతికి 1981లో వచ్చిన పేపర్ ఒకటి మా రంగంలో విపరీతంగా సైట్ అవుతుంది. 2007లో క్విన్, బ్రాట్ అని ఇద్దరు ఆ పద్ధతిని వదిలేయడమే మంచిదని గట్టిగా రాశారు. మరి వాళ్లూ పాత పేపర్లని సైట్ చేసే కదా రాయాలి. లెక్కలో అదీ ప్లస్ ఒకటే. పొగిడినా తిట్టినా, చదివినా చదవకుండా పక్క పేపర్ నుంచి రిఫరెన్సు ఎత్తి పెట్టినా మెషిన్‌కి అన్నీ ఒకటే, ఒక్క గీత.

ఇక స్కాలర్‌ని తక్కెడలా వాడితే ఏమవుతుందో చూద్దాం. ఇది వలలాంటిది, పడినవన్నీ లోపలికే. జర్నల్ పేపరు, థీసిస్, ప్రీప్రింటు, కాన్ఫరెన్సు కాగితం, ఎవరో యూనివర్సిటీ పేజీలో పెట్టిన పీడీఎఫ్, అన్నిటి చివరా ఉన్న రిఫరెన్సులని లెక్కలోకి తీసుకుంటుంది. అంకె పెద్దదిగా కనిపించడానికి సగం కారణం అదే, అందులో మోసమేమీ లేదు, వల కళ్లు చిన్నవి అంతే. కానీ కావాలని చెత్త వేస్తే దాన్నీ పట్టుకుంటుంది. 2010లో సిరిల్ లాబే అనే ఆయన కంప్యూటర్ అల్లిన అర్థంపర్థం లేని పేపర్లు వందకి పైగా తయారు చేసి, ఒకదాన్నొకటి సైట్ చేసుకునేలా ఇంటర్నెట్లో పెట్టి, ఐక్ అంట్కేర్ అనే లేని శాస్త్రవేత్తకి 94 హెచ్-ఇండెక్స్ తెప్పించాడు. ఆ లెక్కన ఐన్‌స్టైన్ కూడా వెనకబడ్డాడు. పోనీ అది పాత సంగతి, సరిచేసుకుని ఉంటారు అనుకుందామా? 2024లో రీస్ రిచర్డ్‌సన్, నిక్ వైజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పని ఒక పిల్లికి చేసి చూపించారు. రిచర్డ్‌సన్ వాళ్ల అమ్మమ్మ గారి పిల్లి, పేరు లారీ. పన్నెండు దొంగ పేపర్లు, 132 సైటేషన్లు. తర్వాత గూగుల్ ఆ లెక్క తీసేసిందనుకోండి. కానీ కాసేపైనా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైటేషన్లున్న పిల్లి అదే.

అప్పటిదాకా ఆ రికార్డు ఎవరిదో తెలుసా? ఇంకో పిల్లిదే, అదీ మా పదార్థ ధర్మాల రంగానిదే. 1975లో జాక్ హెదరింగ్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఘన హీలియం-3 మీద ఒక పేపర్ రాసి ఫిజికల్ రివ్యూ లెటర్స్‌కి పంపబోతూ ఉంటే, రాసింది ఒక్కడివే కదా, పేపరంతా "మేము, మేము" అని ఉందేంటి, ఒప్పుకోరు అని ఒక సహోద్యోగి అన్నాడట. టైప్‌రైటర్ రోజులు, మళ్లీ మొత్తం కొట్టాలి. బద్ధకించి, ఇంట్లో ఉన్న చెస్టర్ అనే సయామీ పిల్లిని ఎఫ్.డి.సి. విల్లర్డ్ అనే గంభీరమైన పేరుతో రెండో రచయితగా చేర్చేశాడు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఇదే. ఆ పేపర్ కాపీలు కొన్నిటి మీద పిల్లి పాదముద్రతో సంతకం కూడా పెట్టించాడు. లారీ వచ్చేనాటికి విల్లర్డ్ గారి ఖాతాలో 107 సైటేషన్లు. అవి మాత్రం నిజమైనవి, పేపర్లో ఫిజిక్స్ కూడా నిజమైనదే. మా రంగంలో ఇంకోటి కూడా ఉంది, గ్రాఫీన్‌కి 2010లో నోబెల్ పంచుకున్న ఆండ్రీ గైమ్ అంతకు ముందు 2001లోనే తన హ్యామ్‌స్టర్‌ని కో-ఆథర్‌గా పెట్టి పేపర్ వేశాడు. పదార్థాల వాళ్లకి ఈ జంతువుల పిచ్చి ఏంటో నాకూ తెలీదు.

కాబట్టి స్కాలర్: వెతకడానికి 5, మనుషుల్ని తూచడానికి 2. సెల్ఫ్ సైటేషన్లు (మన పేపర్లని మనమే సైట్ చేసుకున్నవి) వేరు చేసి చూపించే బటన్ ప్రొఫైల్లో లేదు, అది నాకు పెద్ద లోటు. ప్రొఫైల్ పెట్టుకున్నవాళ్లు ఒకసారి కిందదాకా దిగి చూసుకోండి, కొన్ని సైటేషన్ల అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తే రెండు ఎంట్రీలు కలిపి ఒకటి చేసిన లెక్కలు అక్కడున్నాయని అర్థం. కొత్త పేపర్లని దానంతటదే చేర్చేసే ఆప్షన్ ఆపేసి, ముందు నన్ను అడుగు అని పెట్టుకోండి. ఊరూపేరూ ఒకటైన వాళ్ల పేపర్లు మన సంచీలో పడకుండా ఉంటాయి.

రెండోది మా లైబ్రరీ డబ్బు కట్టి తెప్పించే డేటాబేసు. పేరు చెప్పను, ఈ జాతివి రెండు మూడున్నాయి, వాటిలో ఒకటి. ఇందులో జర్నల్‌ని ఏరి, చూసి, నచ్చితేనే తీసుకుంటారు, అందుకని అంకె చిన్నగా ఉంటుంది, చెత్త కూడా తక్కువ. సెల్ఫ్ సైటేషన్లు తీసేసి చూసుకోవచ్చు, గ్రాఫులు శుభ్రంగా ఉంటాయి. ఇంతవరకూ బాగుంది. నాకు 11 చూపించింది ఇదే. ఎందుకింత తక్కువ అని తవ్వితే తేలిందేంటంటే, దీని దృష్టిలో నేను ఇద్దరు మనుషుల్ని. మొదట్లో పేపర్లలో నా పేరు ఇనీషియల్స్‌తో వచ్చింది, తర్వాత్తర్వాత పూర్తి పేరుతో వచ్చింది, మధ్యలో ఉద్యోగం మారాను. మెషిన్ అది చూసి 9 పేపర్ల మనిషినీ 23 పేపర్ల మనిషినీ వేరువేరుగా తయారు చేసింది. ఆ రెండో మనిషి పేపర్ల మధ్యలో చేపల చెరువుల్లో నైట్రేట్ల గురించి ఒకటి కూడా ఉంది. నేను జీవితంలో చేపల చెరువు జోలికి పోలేదు.

సరిచేయమని ఫారం నింపి పంపా. పదకొండు రోజులకి జవాబొచ్చింది, ఆ చేపల పేపర్ మీది కాదని ఆధారం చూపించగలరా అని. ఒక పని చేశానని రుజువు చూపించొచ్చు, చేయలేదని ఎలా చూపిస్తాం అండీ. చివరికి ఆ పేపర్ అసలు రచయితని వెతికి పట్టుకుని, పరిచయం లేకపోయినా మెయిల్ రాస్తే, ఆమె నవ్వుకుంటూ తన వైపు నుంచి ఇంకో ఫారం పంపింది (ఆమె ఖాతాలో నా బోరాన్ కార్బైడ్ పేపర్ ఒకటి ఉందట, తనకీ అర్థం కాక వదిలేసిందట). మొత్తం ఏడు వారాలు. అన్నీ కలిశాక అంకె 14 అయింది. ఆ ఏడు వారాల్లో నేను కొత్తగా చేసిన పరిశోధన ఏమీ లేదు, నా గుణం ఏమీ మారలేదు, 11 కాస్తా 14 అయి కూర్చుంది. ఈ మధ్యలో ఎవరైనా కమిటీ కూర్చుని ఉంటే నేను 11 మనిషిని. సమాచారం బాగుంది కాబట్టి 3, మనిషి దొరకని కస్టమర్ సపోర్ట్‌కి 1, మీరే సగటు వేసుకోండి.

ఈ పేరు గొడవకి మందు ఆర్కిడ్ (ORCID) నంబర్. ఇది సైటేషన్లు కొలవదు, హెచ్-ఇండెక్స్ చూపించదు, ర్యాంకులివ్వదు, అందుకే నాకు నచ్చింది. 2012 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, పరిశోధన చేసే ఎవరికైనా పదహారు స్థానాల నంబర్ ఒకటి ఇస్తుంది, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలు. కొందరి నంబర్ చివర ఎక్స్ అక్షరం కనిపిస్తుంది, అది తప్పు పడిందేమో అని కంగారు పడకండి. చివరి స్థానం ముందున్న పదిహేను అంకెల మీద లెక్కగట్టిన చెక్ డిజిట్, ఆ లెక్క పది వచ్చినప్పుడు ఎక్స్ వేస్తారు. అంటే నంబర్ కొట్టేటప్పుడు ఒక అంకె తప్పు పడితే సిస్టమ్ పట్టేసుకుంటుంది. ఇంత చిన్న విషయం కూడా ఆలోచించి పెట్టారంటే ఎవరో కొలతలు తెలిసినవాళ్లే కూర్చున్నారు అనిపించింది. పెళ్లయి పేరు మారినవాళ్లు, ఇంటిపేరు ముందు రాసుకునే చైనా, కొరియా, హంగరీ వాళ్లు, ఇనీషియల్స్‌తో తంటాలు పడేవాళ్లు, మొదటి పేపర్ పంపబోయే పిల్లలు, ముందు ఇది తీసుకుని తర్వాత మిగతా పని చూడండి. నేను పదేళ్లు ఆలస్యంగా తీసుకున్నా, ఆ ఫలితం పైన చదివారు. 5కి 5.

మూడోది ఓపెన్‌అలెక్స్, 16 చూపించింది ఇది. మైక్రోసాఫ్ట్ వాళ్ల అకడమిక్ గ్రాఫ్ (ఇలాంటిదే, పేపర్ల డేటాబేసు) 2021 చివర మూతపడితే, దాని స్థానంలో 2022 జనవరిలో వచ్చింది, పేరేమో ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయం మీదుగా పెట్టుకున్నారు. డేటా మొత్తం ఎవరైనా దించుకోవచ్చు, అంకె ఎలా వచ్చిందో ఒక్కో రిఫరెన్సూ పట్టుకుని వెనక్కి వెళ్లి చూడొచ్చు. గుంటలు పెట్టే మా మెషిన్‌లా బండగా ఉంటుంది, అందం చూడకండి. ప్రోగ్రామింగ్ కాస్త తెలిసినవాళ్లకి ఇదే నా సలహా, 4 ఇస్తా.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి రాయకూడదనుకున్నా, కానీ ఒక్క కథ చెప్పకపోతే మనసొప్పదు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైటేషన్ ఇండెక్స్ ఆలోచన రాశాడు, కోర్టు తీర్పులు ఏ పాత తీర్పుని ఉదహరించాయో చూసుకునే పుస్తకాల నుంచి తీసుకున్న ఆలోచన అది. 1964లో అచ్చులోకొచ్చింది. అక్కడి నుంచి పుట్టిందే ఈ ఇంపాక్ట్ ఫ్యాక్టర్: ఒక జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన వాటికి ఈ ఏడాది పడిన సైటేషన్లని ఆ రెండేళ్ల పేపర్ల సంఖ్యతో భాగించడం. క్రిస్టలోగ్రఫీ (స్ఫటికాల శాస్త్రం) వాళ్ల పత్రిక యాక్టా క్రిస్టలోగ్రాఫికా "ఎ" విభాగానికి 2008లో ఇది 2.051 ఉండేది. 2009లో 49.926 అయింది. ఏం జరిగిందా అని చూస్తే, స్ఫటికాల నిర్మాణం కట్టడానికి అందరూ వాడే షెల్‌ఎక్స్ ప్రోగ్రామ్ గురించి జార్జ్ షెల్డ్రిక్ 2008లో ఒక పేపర్ వేశాడు, ఈ ప్రోగ్రామ్ వాడితే దీన్ని సైట్ చేయండి అని అందులో రాశాడు, అందరూ చేశారు. ఒక్క పేపర్. మిగతా పేపర్లన్నీ ఎప్పటిలాగే రెండూ మూడూ. రెండేళ్ల గడువు దాటాక 2011లో మళ్లీ 2.076. మేం ఒక నమూనా మీద పది గుంటలు పెట్టినప్పుడు ఒకటి మాత్రం ఆకాశానికి పోతే, మైక్రోస్కోప్‌లో ఆ చోటు చూసి, కింద గట్టి కణమేదో తగిలిందని రాసి, సగటు పక్కన విడిగా చూపిస్తాం. ఇక్కడ ఆ సంవత్సరం ఆ పత్రికలో పేపర్ వేసిన ప్రతివాడి బయోడేటాలో 49.926 ఉండి ఉంటుంది. వాళ్లనీ ఏమనలేం లెండి.

వెనక్కి తీసుకున్న పేపర్ల సంగతీ అంతే. 2020లో గది ఉష్ణోగ్రతకి దగ్గరలో సూపర్‌కండక్టివిటీ సాధించామని నేచర్‌లో ఒక పేపర్ వచ్చింది, ప్రపంచమంతా మోగిపోయింది, 2022లో ఆ పత్రికే దాన్ని రిట్రాక్ట్ చేసింది. దాన్ని గట్టిగా ప్రశ్నించిన వాళ్లలో ఒకరు ఎవరనుకున్నారు, మన హెచ్-ఇండెక్స్ హిర్షే. పేపర్ పోయినా దానికొచ్చిన సైటేషన్లు ఎక్కడికీ పోవు. వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా ఉంచే రిట్రాక్షన్ వాచ్ వాళ్ల డేటాని 2023లో క్రాస్‌రెఫ్ (పేపర్లకి శాశ్వత నంబర్లిచ్చే సంస్థ) తీసుకుని అందరికీ తెరిచి పెట్టింది కాబట్టి, ఏదైనా విలువ ఎత్తి రాసేముందు అందులో ఒకసారి చూసుకోవడం నేను అలవాటు చేసుకున్నా.

ఇంతకీ ఎవరు రాశారు అన్న ప్రశ్న ఈ సర్వీసుల్లో ఏదీ సరిగ్గా అడగదు. 2015లో హిగ్స్ బోసాన్ అనే మూలకణం ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లే. హెచ్-ఇండెక్స్ లెక్కలో అందులో ఒక్కొక్కరికీ పూర్తి పేపరే, ఒక్కడే కూర్చుని రాసినవాడికీ పూర్తి పేపరే. మా ల్యాబ్‌లో అయితే ఇంకోలా ఉంటుంది. నమూనాలు పాలిష్ చేసే టెక్నీషియన్ ఒకాయన ఉన్నారు. ముతక కాగితం నుంచి మొదలుపెట్టి ఒక మైక్రాన్ వజ్రపు పేస్టు దాకా, ప్రతి మెట్టు దగ్గరా నమూనాని తొంభై డిగ్రీలు తిప్పి, పాత గీతలు పోయాయో లేదో వెలుతురుకి అడ్డంగా పెట్టి చూసి, అప్పుడు నా చేతికిస్తారు. ఆయన పాలిష్ సరిగ్గా లేకపోతే గుంట అంచు మసకగా కనిపిస్తుంది, నా కొలత గాల్లో దీపం. ఆయన పేరు ఇరవై పేపర్లలో ఉంది, ఇరవైలోనూ కృతజ్ఞతల పేరాలోనే. కృతజ్ఞతలని ఈ సర్వీసులేవీ లెక్కపెట్టవు. మరోపక్క మొహం కూడా చూపించని పెద్దమనుషులు పేరు పైకెక్కించుకుంటారు, సొమ్మొకడిది సోకొకడిది.

దీనికి క్రెడిట్ అని ఒక పద్ధతి ఉంది, చాలా జర్నల్స్ ఇప్పుడు అడుగుతున్నాయి, 2022లో ప్రామాణికంగా కూడా నమోదైంది. ఆలోచన ఎవరిది, కొలిచిందెవరు, సాఫ్ట్‌వేర్ ఎవరు, మొదటి డ్రాఫ్ట్ ఎవరు, డబ్బు తెచ్చిందెవరు, ఇలా 14 పాత్రలు, ఎవరెవరు ఏది చేశారో రాయాలి. ఈ ఏడాది పంపిన పేపర్లో మా పాలిషింగ్ ఆయన పేరు రచయితల్లో చేర్చి, పరిశోధన నిర్వహణ అనే పాత్ర రాశాం. ఆయన నమ్మలేదు, ప్రూఫ్ ప్రింటు తీసిమ్మని అడిగి ఇంటికి పట్టుకెళ్లారు. క్రెడిట్‌కి 4. ఒకటి ఎందుకు తగ్గించానంటే ఎవరైనా ఏ పాత్రైనా రాసుకోవచ్చు, అడిగేవాడు లేడు.

అంకె చూపిస్తే ఎలా చూపించాలో నేర్చుకోవాలంటే మెటీరియల్స్ ప్రాజెక్ట్ చూడండి. 2011 నుంచి నడుస్తున్న ఉచిత డేటాబేసు, లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో ఉంది, పదార్థాల ధర్మాలని కంప్యూటర్‌లో లెక్కగట్టి పెడతారు. అందులో లెక్కగట్టిన బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు కదిలి కరెంటు పారాలంటే దాటాల్సిన శక్తి అంతరం) తక్కువగా వస్తుంది. పీబీఈ అనే లెక్కల పద్ధతిలో సిలికాన్‌కి దాదాపు 0.6 ఎలక్ట్రాన్ వోల్ట్ వస్తుంది, నిజంగా కొలిస్తే గది ఉష్ణోగ్రత దగ్గర 1.12. సగం తప్పు కదా ఇంకెందుకు అంటారేమో, ఏ పద్ధతితో లెక్కేశామో, ఆ పద్ధతి ఎటువైపు తప్పుతుందో వాళ్లే రాసి పెడతారు. అలా రాస్తే తప్పు అంకె కూడా పనికొస్తుంది. ఆ పీబీఈ పేపర్ 1996ది, సైటేషన్లు లక్ష దాటాయి. అదే 1918 నాటి షెరర్ సమీకరణం (ఎక్స్‌రే గీతల వెడల్పుని బట్టి స్ఫటికాల సైజు చెప్పేది) వాడనివాడు మా రంగంలో లేడు, పేరు రాస్తారు, పేపర్ని సైట్ చేసేవాళ్లు మాత్రం కొందరే. మరీ అందరికీ తెలిసిపోతే ఇక ఎవరూ సైట్ చేయరన్నమాట.

చివరికి ఫారం గడిలో నేను "14" అని కొట్టి, పక్కన ఏ డేటాబేసు, ఏ తేదీ, సెల్ఫ్ సైటేషన్లతోనా లేకుండానా అని రాయబోయా. గడి ఎర్రబడింది, అంకెలు మాత్రమే నింపండి అని. మూడుసార్లు ప్రయత్నించి, ఉత్త 14 ఉంచి, వివరం మొత్తం విడిగా ఒక పేజీ రాసి అటాచ్ చేశా. ఇంటర్వ్యూలో ఆ పేజీ ఎవరూ తెరిచినట్టు లేదు. ప్యానెల్లో ఒక పెద్దాయన ల్యాప్‌టాప్ కొంచెం పక్కకి తిప్పి అడిగారు, "ఏమ్మా, స్కాలర్‌లో 19 ఉంటే 14 వేశావేంటి?"